1964½–66 ఫోర్డ్ మస్టాంగ్: అంత క్రేజ్ ఎందుకు, కొనేముందు ఏం చూసుకోవాలి?

ఎడిసన్_సందీప్

అందరికీ నమస్కారం. తొలితరం మస్టాంగ్ గురించి రెండు ప్రశ్నలు. ఫాల్కన్ లాంటి మామూలు కారు విడిభాగాలతో కట్టిన బండికి ఇంత పేరు ఎలా వచ్చింది? రెండోది: శని, ఆదివారాలు నడుపుకోడానికి 1965 గానీ 66 గానీ హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు రకం) కొనాలంటే సిక్స్ (ఆరు సిలిండర్ల ఇంజను) తీసుకోవాలా, వీ8 (ఎనిమిది సిలిండర్లది) తీసుకోవాలా, ఏమేం చూసుకోవాలి? ప్రకటనల్లో అందరూ "తుప్పు లేదు" అనే రాస్తున్నారు. ప్రదర్శనల్లో పెట్టేంత ఒరిజినల్ అక్కర్లేదు గానీ, నకిలీ జీటీకి అసలు జీటీ (పెద్ద ఇంజను, డిస్క్ బ్రేకులు ఉన్న ఖరీదైన ప్యాకేజీ) ధర మాత్రం పెట్టను.

---

పాతబండి_ప్రసాద్

మొదటి ప్రశ్న నేను తీసుకుంటా. రెండోదానికి రేకుపని అన్న, వాసు గారు ఉన్నారు.

సందీప్ గారూ, ఫాల్కన్ భాగాలు వాడటం ఆ కారుకి లోటు కాదు, అసలు అది పుట్టిందే అందువల్ల. ఎడ్సెల్ అనే సొంత కారు విఫలమైన దెబ్బ తర్వాత కొత్త కారు అంటేనే ఫోర్డ్ యాజమాన్యం వెనకాడుతున్న రోజులవి. 1960 నవంబరులో ఫోర్డ్ డివిజన్ పగ్గాలు లీ అయకోకా చేతికొచ్చాయి. యుద్ధం తర్వాత పుట్టిన తరం అప్పుడే లైసెన్సు వయసుకొస్తోంది. వాళ్లకి నాన్న నడిపే కారు వద్దు, స్పోర్ట్స్ కారు కొనే స్తోమత లేదు. 1962లో వాట్కిన్స్ గ్లెన్‌లో చూపించిన మస్టాంగ్ 1 నమూనా రెండు సీట్లది, ఇంజన్ నడుమ ఉండేది. జనం మెచ్చుకున్నారు గానీ, రెండు సీట్లతో లక్షల్లో అమ్మలేమని అయకోకా నాలుగు సీట్ల మీదే నిలబడ్డాడు.

కొత్త చాసిస్సు, కొత్త ఇంజను అంటే డబ్బు రాదు. అందుకని అప్పటికే ఉన్న ఫోర్డ్ కార్లు ఫాల్కన్, ఫెయిర్‌లేన్ల కింది సరంజామా తీసుకుని, పైన కనబడే రేకంతా కొత్తగా వేశారు. ఇంజినీరింగ్ బాధ్యత డోనాల్డ్ ఫ్రేది, ప్లానింగ్‌లో హాల్ స్పెర్లిక్. 1962 ఆగస్టులో స్టూడియోల మధ్య జరిగిన పోటీలో జో ఓరోస్ బృందం చేసిన మట్టి నమూనా నెగ్గింది. దాని మూల చిత్రం గేల్ హాల్డర్‌మన్‌ది. సెప్టెంబరులో హెన్రీ ఫోర్డ్ 2 సరేనన్నాడు. 1964 మార్చి 9న డియర్‌బోర్న్‌లో ఉత్పత్తి మొదలైంది. ఏడాదిన్నరలో కారు లైను మీదికి రావడం పాత విడిభాగాలు ఉండబట్టే కుదిరింది.

ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో విడుదల. ముందురోజు రాత్రి మూడు టీవీ నెట్‌వర్కుల్లోనూ ఒకే సమయానికి ప్రకటనలు వేశారు. తొలిరోజు 22,000 ఆర్డర్లు వచ్చాయి. ఏడాదికి లక్ష అమ్మితే గొప్ప అనుకున్నది 12 నెలల్లో 4,18,812 దాటింది. 1966 వసంతానికల్లా పదిలక్షలు.

ధర 2,368 డాలర్లు. ఆ డబ్బుకే బకెట్ సీట్లు, కార్పెట్, ఫ్లోర్ మీద గేర్ రాడ్డు, పూర్తి వీల్ కవర్లు వచ్చేవి. అప్పట్లో చవక కార్లలో బెంచీ సీటు, రబ్బరు మ్యాటే దిక్కు. ఆపైన ఆప్షన్ల జాబితా చాంతాడంత ఉండేది. టైపిస్టు ఉద్యోగం చేసే అమ్మాయి సిక్స్ ఇంజన్ కారు కొనుక్కుంది, రేసులంటే ఇష్టపడేవాడు అదే రేకులో 271 హార్స్‌పవర్ కె-కోడ్ (కారు నంబరులో ఇంజను అక్షరం కె) కొనుక్కున్నాడు. ఎవరి కారు చూసినా పొడుగు బానెట్టు, పొట్టి డిక్కీ, 108 అంగుళాల వీల్‌బేస్ ఒకటే. నా మట్టుకు ఆకర్షణ అంతా ఇక్కడే ఉంది.

పోలికకి ప్లిమత్ బారాకుడా చూడండి. మస్టాంగ్ కంటే 16 రోజుల ముందే, ఏప్రిల్ 1న వచ్చింది. ఆలోచన ఒకటే, కింద ప్లిమత్ వాళ్ల మామూలు కారు వేలియంట్. కానీ వాళ్లు వెనక పెద్ద అద్దం పెట్టి ముందు వేలియంట్ మొహాన్నే ఉంచేశారు. కొనేవాడికి కొత్త కారు అనిపించలేదు. మస్టాంగ్‌లో ఫాల్కన్ ఎక్కడుందో వెతకాలంటే కిందికి దూరాలి, లేదా 65 మోడల్ స్పీడోమీటరు చూడాలి. ఆ అడ్డపట్టీ మీటరు ఫాల్కన్‌దే.

---

డియర్‌బోర్న్_దత్తు

ప్రసాద్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. మస్టాంగ్‌లు మూడు ఊళ్లలో తయారయ్యాయి. కారు గుర్తింపు నంబరులో (వీఐఎన్) రెండో అక్షరం చూస్తే తెలుస్తుంది: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టీ అంటే మెటచెన్.

మెటచెన్ పేరుతో నడిచిన ఆ ప్లాంటు నిజానికి న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనే, రూట్ 1 పక్కన ఉండేది. 2004లో మూతపడింది. శాన్ హోసే ప్లాంటు ఉన్నది కాలిఫోర్నియాలోని మిల్పీటస్‌లో. 1983లో మూసేశాక ఆ కట్టడాన్నే మార్చి 1994లో గ్రేట్ మాల్ తెరిచారు. ఈ రెండు ఊళ్లలోనూ మనవాళ్లు వేలల్లో ఉన్నారు. తాము షాపింగ్ చేసే చోట మస్టాంగ్‌లు తయారయ్యాయని చాలామందికి తెలియదు. సందీప్ గారూ, నంబరులో టీ ఉన్న కారు దొరికితే అది మీ ఊరి బండే.

---

ఎడిసన్_సందీప్

ఇది నిజంగా తెలియదు, ధన్యవాదాలు! దత్తు గారూ, కొందరు "64½" అని ఎక్కువ ధర చెప్తున్నారు. అది వేరే మోడలా? నంబరు పూర్తిగా చదవడం, జీటీ అసలుదో కాదో తేల్చడం ఎలాగో కూడా చెప్పండి.

---

డియర్‌బోర్న్_దత్తు

ఫోర్డ్ కాగితాల్లో 64½ అనే మాట లేదు. అన్నీ 1965 మోడల్సే, నంబరు 5తోనే మొదలవుతుంది. 1964 ఆగస్టుకి ముందు తయారైనవాటిని జనం అలా పిలుస్తారు. గుర్తుపట్టడం తేలిక. నంబరులో ఇంజన్ అక్షరం యూ, ఎఫ్, డీలలో ఒకటైతే అది తొలివిడతే. యూ అంటే 170 క్యూబిక్ అంగుళాల సిక్స్, ఎఫ్ అంటే 260 వీ8, డీ అంటే 210 హార్స్‌పవర్ 289. ఆగస్టు తర్వాత ఈ మూడూ ఆగిపోయి టీ (200 సిక్స్, 120 హార్స్‌పవర్), సీ (289, కార్బ్యురేటర్‌కి రెండు బ్యారెళ్లు అంటే గాలి గొట్టాలు, 200), ఏ (289 నాలుగు బ్యారెళ్లు, 225) వచ్చాయి. కె మాత్రం రెండు కాలాల్లోనూ ఉంది. తొలివిడతలో ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉంటుంది. పక్క సీటు ముందుకీ వెనక్కీ జరగదు. బానెట్ ముందు మూలల మడత కూడా వేరుగా ఉంటుంది. ఇవన్నీ మార్చగలిగేవే, కాబట్టి నంబరునే నమ్మండి.

నంబరు వరస: ఏడాది, ప్లాంటు, బాడీ రకం (07 హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్), ఇంజన్ అక్షరం, చివర ఆరంకెల సీరియల్. డ్రైవర్ తలుపు అంచుకి రివెట్లతో బిగించిన ప్లేటు మీద ఒకసారి చూస్తారు. అది సరిపోదు, తలుపులు మారుతుంటాయి. అసలు చూడాల్సింది బానెట్ ఎత్తాక డ్రైవర్ వైపు లోపలి రేకు మీద, మడ్‌గార్డు అంచులో ఉన్న గాటు దగ్గర పోటు వేసిన నంబరు. రెండూ, టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) మీదిదీ ఒకటే కావాలి. పోటు చుట్టూ వెల్డింగ్ మచ్చలుంటే అక్కడితో ఆపేయండి.

ఇక జీటీ. 65, 66 నంబరులో జీటీకి అక్షరమే లేదు, అందుకే నకిలీలు ఎక్కువ. వరసగా ఇలా వడపోయండి. జీటీ ప్యాకేజీ 1965 ఏప్రిల్‌లో వచ్చింది. తలుపు ప్లేటు మీద తేదీ దానికి బాగా ముందుదైతే కాదు. ఇంజన్ అక్షరం ఏ లేదా కె అయి తీరాలి. సీ-కోడ్ జీటీ, సిక్స్ జీటీ ఫ్యాక్టరీ నుంచి రాలేదు. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులుండాలి. చివరగా కారు కిందికి వెళ్లి వెనక ఫ్రేమ్ రైళ్లు చూడండి. రెండు సైలెన్సర్ పైపుల హ్యాంగర్లు బిగించే చోట ఫ్యాక్టరీలో వెల్డు చేసిన అదనపు పట్టీలుంటాయి. పొగదీపాలు, చారలు, ఐదు గుండ్రటి మీటర్లున్న డ్యాష్ ప్యానెల్ కేటలాగ్‌లో కొనుక్కోవచ్చు. ఆ పట్టీలు మాత్రం చాలామంది నకిలీవాళ్లు మర్చిపోతారు. ఉంటే వెల్డు ఫ్యాక్టరీదేనా కొత్తదా చూడండి.

---

రేకుపని

సందీప్ తమ్ముడూ, ఇంజను సంగతి తర్వాత. ఈ కారులో ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు అన్నీ చవకగా బాగవుతాయి. రేకు మాత్రం బాగవదు. డబ్బంతా తినేది టింకరింగే. ఫ్రేము విడిగా లేదు, బాడీయే ఫ్రేము. కాబట్టి తుప్పంటే అందం సమస్య అనుకోవద్దు, బలం సమస్య.

మొట్టమొదట కౌల్ చూడు. ముందు అద్దానికీ బానెట్‌కీ మధ్య జాలీ కనబడుతుంది కదా, దాని కింద రెండు రేకుల పెట్టె ఉంటుంది. వాన నీళ్లు ఆ పెట్టెలో పడి రెండు చివర్లకీ పారి మడ్‌గార్డుల వెనక నుంచి కిందికి పోవాలి. ఆ పెట్టెలోనే క్యాబిన్‌లోకి గాలి వెళ్లే రెండు కంతలున్నాయి. నీళ్లు పడకుండా కంతల చుట్టూ పైకి లేచిన అంచు ఉంటుంది. ఆకులు, మట్టి ఆ అంచు చుట్టూ చేరి తడిగా ఉండిపోతాయి. లోపలికి పెయింటు సరిగా అందదు. కొన్నేళ్లకి అంచు చిల్లులు పడుతుంది, నీళ్లు తిన్నగా కాళ్ల దగ్గరికి కారతాయి. నేల రేకు తుప్పు పట్టిన కార్లలో సగానికి పైగా అసలు జబ్బు పైన ఉంటుంది. కింద కొత్త ఫ్లోర్ వేసి, కౌల్ ముట్టుకోకుండా అమ్మేస్తారు.

పరీక్ష: ముందు కార్పెట్ ఎత్తించు. హోసు పైపుతో సన్నటి ధారగా జాలీలో ఒక పక్క, తర్వాత రెండో పక్క, ఐదేసి నిమిషాలు పోయి. ఇంకొకరు టార్చితో డ్యాష్‌బోర్డు కింద చూడాలి. గాలి కంతల చుట్టూ ఒక్క చుక్క కనబడ్డా కౌల్ పోయినట్టే. మడ్‌గార్డుల వెనక నీళ్లు బయటికి రాకపోతే దారి పూడుకుపోయింది. శుభ్రం చేసి మళ్లీ చూడాలి.

సరైన రిపేరు ఏంటంటే అద్దం, బానెట్, మడ్‌గార్డులు విప్పి, పై రేకు స్పాట్ వెల్డులన్నీ ప్రత్యేకమైన బిట్టుతో తొలిచి, పై రేకు ఎత్తి, కింది రేకు మార్చి, సీలర్ వేసి మళ్లీ వెల్డు చేయడం. మంచి పనివాడికే చాలా రోజుల పని. లోపలి నుంచి ప్లాస్టిక్ టోపీలు అంటించే కిట్లు దొరుకుతాయి. చుట్టూ రేకు గట్టిగా ఉంటే కొన్నేళ్లు లాగుతాయి, రేకు పొరలు లేస్తుంటే అంటుకోవు.

తర్వాత చూడాల్సినవి: బ్యాటరీ కింది రేకు (ఆమ్లం కారి తింటుంది), ముందు ఫ్రేమ్ రైళ్లు నేల రేకుని కలిసే చోటు, డిక్కీలో రెండు పక్కల పల్లాలు, వెనక చక్రం వెనక బాడీ అడుగు, తలుపుల అడుగు అంచు. పల్చటి అయస్కాంతం తీసుకెళ్లు. అది పట్టని చోట లప్పం ఉంది. కింద కొత్తగా తారు పూసిన కారుంటే స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడు. మెత్తటి చప్పుడు వస్తే రేకు లేదు.

కన్వర్టిబుల్ అయితే ఇంకో పరీక్ష. పైకప్పు లేదు కాబట్టి బలమంతా తలుపుల కింది రాకర్లలో ఉంటుంది. కారు నేల మీద ఉండగా తలుపు వెనక అంచు సందు పైనా కిందా చూడు. ముందు చక్రం వెనక జాకీ వేసి కొంచెం ఎత్తి మళ్లీ చూడు. సందు మారినా, తలుపు పట్టేసినా నడుము వంగినట్టు. అలాంటి కారుకి రాకర్ కోసేముందు తలుపు సందులో అడ్డంగా పైపులు వెల్డు చేసి బిగించాలి, రెండు వైపులూ ఒకేసారి కోయకూడదు. ఈ జాగ్రత్త పడక అరటికాయలా వంగిపోయిన కన్వర్టిబుళ్లు ఉన్నాయి.

---

ఎడిసన్_సందీప్

అన్నా, అమ్మేవాళ్లు నీళ్లు పోయనివ్వకపోతే?

---

రేకుపని

అప్పుడు కౌల్ పోయిందనే లెక్కగట్టి ధర చెప్పు. లేదా కదిలిపో. హార్డ్‌టాప్‌లకి కొదవ లేదు. 1966 ఒక్క ఏడాదే 6,07,568 మస్టాంగ్‌లు తయారయ్యాయి, అందులో ఎక్కువ భాగం హార్డ్‌టాప్‌లే.

---

స్ట్రెయిట్_సిక్స్

అందరూ వీ8 అంటారు, నేను సిక్స్ తరఫున మాట్లాడతా. 200 క్యూబిక్ అంగుళాల సిక్స్‌కి ఏడు మెయిన్ బేరింగులు. తొలివిడత 170కి నాలుగే. అందుకే 200 చాలా గట్టి ఇంజను. కొనే ధర తక్కువ, ఇంజన్ చుట్టూ చేయి పెట్టే చోటు బోలెడు, ముందు బరువు తక్కువ కాబట్టి పవర్ స్టీరింగ్ లేకపోయినా తిప్పడం తేలిక.

పరిమితులు కూడా చెప్తా. ఇన్‌టేక్ మానిఫోల్డ్ హెడ్‌తో కలిపి పోత పోసేశారు. విడదీసి మంచిది వేయలేం, పవర్ పెంచడం దాదాపు అక్కడే ఆగుతుంది. సిక్స్‌కి ఇచ్చిన మూడు గేర్ల మాన్యువల్‌లో మొదటి గేరుకి సింక్రో (గేరు పళ్ల వేగాలు కలిపే భాగం) లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు వేయొద్దు, పళ్లు పోతాయి.

సిక్స్‌లో పికప్ లేదని ఎక్కువమంది చేసే ఫిర్యాదు వెనక కారణం ఒకటే. 1967 వరకు వచ్చిన డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుడు బరువులు లేవు. స్పార్కు ముందుకు జరగడమంతా వ్యాక్యూమ్ (ఇంజను గాలి పీల్చే లాగుడు) మీదే. ఆ వ్యాక్యూమ్ సంకేతం ఇచ్చేది ఆటోలైట్ 1100 కార్బ్యురేటర్‌లోని స్పార్క్ కంట్రోల్ వాల్వు. ఎవరో కార్బ్యురేటర్ మార్చి ఆ వాల్వు లేనిది బిగిస్తారు. ఇక స్పార్కు సమయానికి జరగదు, యాక్సిలరేటర్ తొక్కితే బండి గుటకలు మింగుతుంది. ఎన్ని జెట్లు మార్చినా పోదు. ఆ వాల్వున్న 1100ని రీబిల్డ్ చేసి వేయాలి. లేదంటే 1968 తర్వాతి డిస్ట్రిబ్యూటర్, కొత్త కార్బ్యురేటర్ రెండూ కలిపి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది పనికిరాదు. డిస్ట్రిబ్యూటర్ మార్చేటప్పుడు ఆయిల్ పంపు కడ్డీ సైజు కొలిచి కొనండి, అది మారింది.

ఇంకోటి. సిక్స్ కొని వీ8గా మార్చుకుందాం అనే ఆలోచన ఉంటే వదిలేయండి. సిక్స్ చక్రానికి నాలుగు నట్లు, వీ8కి ఐదు. ఇరుసు, స్టీరింగ్ లింకులు, 9 అంగుళాల డ్రమ్ములు, స్ప్రింగులు అన్నీ వేరు. నకిలీ వీ8 పట్టుకోడానికి కూడా ఇదే మొదటి గుర్తు: వీ8 అని అమ్ముతున్నారు, చక్రానికి నాలుగు నట్లే ఉన్నాయి అంటే ఇంజను మాత్రమే మార్చారు, బ్రేకులు సిక్స్‌వే.

---

విండ్సర్_వాసు

సిక్స్ గారు చివర చెప్పినదాంతో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తా. అయినా నా ఓటు సీ-కోడ్ 289కే. మామూలు పెట్రోలుతో నడుస్తుంది, ఆటోలైట్ 2100 కార్బ్యురేటర్ సరళమైనది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ-కోడ్‌కీ దీనికీ రోడ్డు మీద తేడా ఉంది గానీ, ధరలో ఉన్నంత తేడా లేదు.

సెట్టింగులు: పాయింట్ల సందు 0.017 అంగుళం, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 26 నుంచి 31 డిగ్రీలు, ప్లగ్గుల సందు 0.034. మాన్యువల్ గేర్ల సీ-కోడ్‌కి టైమింగు (స్పార్కు పడే సమయం) పిస్టన్ పై స్థానానికి 6 డిగ్రీల ముందు, వ్యాక్యూమ్ పైపు తీసి మూసేశాక చూడాలి. ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లు మండే వరస) 1-5-4-2-6-3-7-8.

టైమింగు పెట్టేముందు ఒక మెలిక. క్రాంక్ ముందుండే బ్యాలెన్సరు రెండు ఇనుప భాగాలు, మధ్యలో రబ్బరు. ఏళ్లు గడిచి రబ్బరు సడలితే గుర్తులున్న బయటి రింగు జరిగిపోతుంది. లైటు వేసి చూస్తే 6 చూపిస్తుంది, నిజంగా సున్నాకి వెనక ఉండొచ్చు. టైమింగు వెనకబడితే ఇంజను వేడెక్కుతుంది, అప్పుడు జనం రేడియేటరు మారుస్తారు. ఒకటో ప్లగ్గు కంతలో పిస్టన్ స్టాప్ బిగించి, క్రాంక్ చేత్తో రెండు వైపులా తిప్పి, ఆగిన రెండు గుర్తుల మధ్య బిందువు చూడండి. అదే అసలు పై స్థానం. పాత గుర్తు దాంతో కలవకపోతే బ్యాలెన్సరు మార్చాలి, మళ్లీ గుర్తు గీసి సరిపెట్టొద్దు. రబ్బరు ఇంకా జరుగుతుంది.

టైమింగు చెయిను పై చక్రానికి నైలాన్ పళ్లుంటాయి. చప్పుడు తగ్గాలని అలా చేశారు. పాతబడితే పెళుసెక్కి విరిగి ఆయిల్ సంపులో పడతాయి, పంపు జాలీకి అడ్డంపడి ఆయిల్ ఒత్తిడి తగ్గుతుంది. ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే పూర్తి లోహపు సెట్టు వేసి, సంపు విప్పి జాలీ కడగండి.

ఇంజను ఇదివరకే మార్చిన కారైతే ఇవి సరిచూడండి. తొలివిడత 260, 289లకి గేరుబాక్సు బెల్‌హౌసింగ్ ఐదు బోల్టులది, తర్వాతవి ఆరు బోల్టులవి. ఒకదానికొకటి పట్టవు. 1980ల 5.0 లీటర్ ఇంజను వేస్తే బ్యాలెన్స్ బరువు 50 ఔన్సులు, పాతదానికి 28. బ్యాలెన్సరు, ఫ్లైవీలు ఇంజనుకి తగ్గవి లేకపోతే వణుకుతుంది, చివరికి బేరింగులు పోతాయి. 5.0 హెచ్ఓ రకానికి ఫైరింగ్ ఆర్డరు కూడా వేరు: 1-3-7-2-6-5-4-8.

ఆటోమేటిక్ అయితే అది సీ4 అనే ఫోర్డ్ గేరుబాక్సు. సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తూ, గేర్ ఆయిలు తగ్గుతూ, కింద ఎక్కడా కారుతున్నట్టు లేకపోతే హెడ్ గాస్కెట్ అని భయపడొద్దు. గేరుబాక్సు వెనక వ్యాక్యూమ్ మాడ్యులేటర్ పైపు పీకి చూడండి. లోపల ఎర్రటి ఆయిలుంటే దాని పొర చిరిగి, గేర్ ఆయిలుని ఇంజను పీల్చుకుంటోంది. చవకైన భాగం. ఆయిలు టైప్-ఎఫ్. 66 వరకు లివర్ మీద రెండు చుక్కలుంటాయి. పెద్ద ఆకుపచ్చ చుక్క దగ్గరే మూడు గేర్లూ పనిచేస్తాయి. చిన్న చుక్క దగ్గర రెండో గేరులో కదులుతుంది. అది తెలియక "పికప్ లేదు" అనుకునేవాళ్లున్నారు.

---

కమాన్‌కట్ట

బ్రేకుల భద్రత గురించి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో ప్రాణానికి సంబంధించిన విషయం అదే.

66 దాకా మాస్టర్ సిలిండరు ఒకే గదిది. ముందు చక్రం పైపు చిట్లినా వెనక చక్రం సిలిండరు కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. 67లో రెండు గదులది వచ్చింది. రోడ్డు మీద తిప్పే కారుకి రెండు గదుల మాస్టర్ మొదటి పని కావాలి. నాలుగూ డ్రమ్ములైతే డ్రమ్ము-డ్రమ్ము రకమే కొనండి. ముందు డిస్క్ పెడితే డిస్క్-డ్రమ్ము రకం కావాలి, వెనక్కి ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేది) కూడా. డ్రమ్ముల లైనులో కొద్దిపాటి ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది. అదే డిస్క్ లైనులో ఉండిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రుద్దుకుంటూ వేడెక్కుతాయి. పాత మాస్టర్ ఉంచి డిస్క్ కిట్ బిగించిన కార్లలో జరిగేది ఇదే.

ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగు పై ఆర్మ్ మీద, షాక్ టవర్ (షాక్ అబ్జార్బరు పైకొస బిగించే రేకు గూడు) లోపల కూర్చుంటుంది. ఆ బలమంతా టవర్ రేకు మోయాలి. టవర్లో పగుళ్లున్నాయేమో ఆర్మ్ బోల్టుల చుట్టూ చూడండి. టవర్లు లోపలికి వాలాయా అని తెలియాలంటే రెండు టవర్లనీ అడ్డంగా కలిపే మోంటే కార్లో బార్ అనే కడ్డీ పెట్టి చూడండి. కంతలు కలవకపోతే వాలాయి. ఫైర్‌వాల్‌కి కట్టే రెండు పల్చటి పట్టీల బదులు ఒకే ముక్క ఎక్స్‌పోర్ట్ బ్రేస్ వేస్తే మున్ముందు వాలవు. స్ప్రింగు విప్పడానికి లోపలి నుంచి పట్టే కంప్రెసరే వాడాలి. జాకీ, గొలుసులతో చేసేవాళ్లకి చేతులు పోతాయి.

స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కీచుమని అరుపు వస్తే అది పై ఆర్మ్ బుష్‌లు. ఫ్యాక్టరీలో గ్రీజు నిప్పల్ బదులు ప్లగ్గులు బిగించి వదిలేశారు, అవి ఏళ్లతరబడి గ్రీజు చూడవు. వంకర నిప్పల్ బిగించి గ్రీజు కొట్టి చూడండి, తగ్గకపోతే ఆర్మ్ మార్చడమే.

మస్టాంగ్ రేసు రకమైన షెల్బీ జీటీ350 కార్లలో చేసిన మార్పు ఒకటి ఇప్పటికీ అన్నిటికంటే లాభసాటిది. పై ఆర్మ్ కంతలు ఒక అంగుళం కిందికి వేసుకోవడం. ఫోర్డ్ ఇంజినీరు క్లాస్ ఆర్నింగ్ పేరుతో ఆర్నింగ్ డ్రాప్ అంటారు. మలుపులో ముందు భాగం అంతగా ఒరగదు. చేశాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పనిసరి. రేడియల్ టైర్లకి క్యాస్టర్ ప్లస్ 2 నుంచి 3, క్యాంబర్ మైనస్ అర, టో-ఇన్ ఎనిమిదో వంతు అంగుళం. పాత మాన్యువల్ అంకెలు నైలాన్ టైర్ల కాలంవి, వాటితో పెడితే హైవే మీద తేలిపోతుంది.

పవర్ స్టీరింగ్ ఉంటే: బండి ఎత్తి ఇంజను స్టార్ట్ చేయగానే స్టీరింగ్ తనంతట తానే ఒక పక్కకి తిరిగితే కంట్రోల్ వాల్వు మధ్యలో లేదు. చివర ఉన్న చిన్న నట్టు సరిచేయాలి. ఇది చూడకుండా రోడ్డెక్కొద్దు.

---

డియర్‌బోర్న్_దత్తు

కమాన్‌కట్ట గారూ, ఒక అభ్యంతరం. కె-కోడ్ గానీ, అన్ని నంబర్లూ కలిసిన ఏ-కోడ్ జీటీ గానీ అయితే టవర్‌కి కొత్త కంతలు వేయడం, బ్రేకు మార్చడం విలువని తగ్గిస్తాయి. అలాంటి కారుని ఫ్యాక్టరీ కెల్సీ-హేయస్ నాలుగు పిస్టన్ల డిస్కులతోనే ఉంచి, పైపులు, గొట్టాలు, సిలిండర్లు కొత్తవి వేసి నడపాలి.

---

కమాన్‌కట్ట

కంతల విషయంలో ఒప్పుకుంటా, తిరిగి పూడ్చలేం. మాస్టర్ సిలిండరు విషయంలో ఒప్పుకోను. అది బోల్టులతో విప్పి పెట్టెలో దాచుకునే భాగం, అమ్మేరోజు మళ్లీ బిగించుకోవచ్చు. సందీప్ గారు చూస్తున్నది మామూలు హార్డ్‌టాప్, నడపడానికి. అందులో వెనకాడాల్సింది ఏమీ లేదు.

---

లక్ష్మి_వైరింగ్

కరెంటు వైపు మూడు విషయాలు.

పెట్రోలు మీటరు, టెంపరేచర్ మీటరు రెండూ ఒకేసారి తప్పుడు రీడింగు చూపిస్తే సెండర్లు (మీటరుకి సంకేతం పంపే సెన్సర్లు) మార్చకండి. మీటర్ల వెనక చిన్న డబ్బా, వోల్టేజ్ రెగ్యులేటరు, ఉంటుంది. లోపలి పట్టీ వేడికి వంగుతూ, విడుతూ 12 వోల్టులని సగటున 5కి దించుతుంది. పట్టీ అతుక్కుపోతే పూర్తి 12 వెళ్లి మీటర్లు చివరికి కొట్టుకుంటాయి, కాలిపోతాయి కూడా. ఘన స్థితి రకం దొరుకుతుంది, అది వేసేయండి. మీటరు సెండర్ తీగని నేరుగా గ్రౌండు చేసి పరీక్షించడం కూడా మీటరుకి మంచిది కాదు.

హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్ స్విచ్‌ గుండానే పోతుంది, రిలే లేదు. హాలోజన్ బల్బులు పెడితే స్విచ్‌లోని బ్రేకరు వేడెక్కి లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. రాత్రిపూట చాలా ప్రమాదం. బ్యాటరీ దగ్గర రెండు రిలేలు పెట్టి, పాత తీగని రిలే సంకేతానికే వాడండి. లైట్లు కూడా ప్రకాశవంతమవుతాయి.

పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసేవాళ్లు తెలుసుకోవాల్సింది: స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే గులాబీ రంగు తీగ మామూలు తీగ కాదు, నిరోధపు తీగ. పాయింట్లు కాలకుండా వోల్టేజీ తగ్గించేది అదే. ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌కి ఎరుపు తీగ దాని అవతలి నుంచి, అంటే పూర్తి 12 వోల్టులున్న చోటు నుంచి ఇవ్వాలి. లేకపోతే బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కాక ఆగిపోతుంది. ఇంజనుకీ ఫైర్‌వాల్‌కీ మధ్య గ్రౌండ్ పట్టీ ఉందో లేదో కూడా చూడండి. ఇంజను దించినవాళ్లు దాన్ని తిరిగి బిగించరు.

---

పాతబండి_ప్రసాద్

డిక్కీ తెరిచినప్పుడు ఇంకొకటి చూడాలి. 16 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. వేరే రేకు లేదు. వెనక సీటుకీ డిక్కీకీ మధ్య అట్టముక్కే. వెనక నుంచి గుద్దితే పెట్రోలు క్యాబిన్‌లోకి వచ్చే అవకాశం ఉంది. వెనక సీటు వెనక 18 గేజి ఉక్కు రేకు కోసి, అంచులకి సీలర్ వేసి స్క్రూలతో బిగించండి. ఒక పూట పని. పెట్రోలు వాసన వస్తుంటే ముందు డిక్కీలో ఉన్న ఫిల్లర్ రబ్బరు గొట్టం క్లిప్పులు చూడండి.

---

బెజవాడ_బానెట్

చదువుతున్నా, అద్భుతంగా ఉంది. ఒక ప్రశ్న: 2016లో ఇండియాలో అమ్మిన మస్టాంగ్‌కి స్టీరింగ్ కుడివైపు ఉంది కదా. పాతవాటిలో అలాంటివి దొరకవా?

---

డియర్‌బోర్న్_దత్తు

ఫ్యాక్టరీ నుంచి కుడి స్టీరింగ్‌తో మస్టాంగ్ తయారవడం ఆరో తరం, అంటే 2015 మోడల్‌తోనే మొదలైంది. అందుకే ఇండియాకి అధికారికంగా 2016లో రాగలిగింది. 60లవి ఎడమ స్టీరింగ్‌వే. కుడివైపుకి మార్చినవి ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అలాంటిది చూస్తే స్టీరింగ్ బాక్సు బిగించిన రైలు దగ్గర వెల్డింగ్ ముందు చూడాలి. జర్మనీలో అయితే పేరే వేరు. అక్కడ మస్టాంగ్ పేరు మీద క్రుప్ కంపెనీ లారీలుండేవి, కాబట్టి టీ-5 అని అమ్మారు. బాడీ మీద మస్టాంగ్ అక్షరాలుండవు. అమెరికాకి తిరిగొచ్చిన టీ-5లు ఉన్నాయి, అక్షరాలు ఊడిపోయాయని పొరబడొద్దు.

---

ఎడిసన్_సందీప్

అందరికీ కృతజ్ఞతలు. సీ-కోడ్ హార్డ్‌టాప్, ఐదు నట్ల చక్రాలు, పొడి కౌల్ దొరికేదాకా ఆగుతా. చివరగా: ఇప్పటి ఆయిలు, పెట్రోలు వీటికి పడతాయా? భాగాల మీద సీ5 అని ఏవో అక్షరాలుంటాయి, అవేంటి?

---

విండ్సర్_వాసు

ఆయిలు: క్యామ్ షాఫ్ట్ ట్యాపెట్లు రుద్దుకుంటూ నడిచే రకం. వాటికి జింకు, ఫాస్ఫరస్ కావాలి. ఇప్పటి కార్లకి వాడే 5డబ్ల్యు-30 ఆయిళ్లలో ఫాస్ఫరస్ 800 పీపీఎం మించకుండా పరిమితి ఉంది. పాత ఇంజన్లకని అమ్మే, 1,000 పీపీఎం పైన ఉన్న 10డబ్ల్యు-30 వాడండి. ఫిల్టర్‌తో కలిపి 5 క్వార్టులు. కొత్త క్యామ్ వేసినప్పుడు మొదటి 20 నిమిషాలు ఐడిల్‌లో వదలకుండా నిమిషానికి 2,000 చుట్ల పైన తిప్పాలి, లేకపోతే క్యామ్ అంచులు అక్కడే అరిగిపోతాయి.

పెట్రోలు: 10 శాతం ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా రబ్బరు ముక్కలన్నీ 30ఆర్9 అని ముద్ర ఉన్నవి వేయండి. సీసం లేని పెట్రోలుకి భయపడి హెడ్ విప్పక్కర్లేదు, వారాంతపు నడకకి పాత వాల్వు సీట్లు నిలుస్తాయి. హెడ్ ఎప్పుడైనా వేరే పనికి దిగితే అప్పుడు గట్టి సీట్లు వేయించండి. తిరిగి బిగించేటప్పుడు బోల్టులు మూడు విడతలుగా, చివరి విడత 65 నుంచి 72 అడుగు-పౌండ్లు.

---

డియర్‌బోర్న్_దత్తు

అక్షరాలు: మొదటిది దశకం. బీ 50లు, సీ 60లు, డీ 70లు. తర్వాతి అంకె ఆ దశకంలో ఏడాది, కాబట్టి సీ5 అంటే 1965. మూడో అక్షరం ఏ కారు కోసం గీశారో చెప్తుంది: జెడ్ మస్టాంగ్, ఓ ఫెయిర్‌లేన్, డీ ఫాల్కన్, ఏ పెద్ద ఫోర్డ్. నాలుగోది ఈ అయితే ఇంజన్ విభాగం. 289 బ్లాకు మీద సీ5ఏఈ అని ఉంటే ఇంజను వేరే కారుదని కంగారుపడకండి, మస్టాంగ్‌లకి అదే వచ్చింది. బ్లాకు పోసిన తేదీ కోడు కూడా దగ్గరలోనే, సెల్ఫ్ మోటారు పైన ఉంటుంది. అది తలుపు ప్లేటు తేదీకి కొన్ని వారాల నుంచి ఒకట్రెండు నెలల ముందుండాలి. తర్వాతి తేదీ ఉంటే ఇంజను మారింది.

సీ7, సీ8 భాగాలు 65 కారు మీద కనబడటం మామూలే, ఫోర్డ్ సర్వీసు భాగాలు అలాగే వచ్చేవి. డీతో మొదలయ్యే బ్లాకు గానీ, హెడ్ గానీ కనబడితే అమ్మేవాడిని అడగండి.